సింగపూర్ సిపాయి శనివారాలు

ఉదయం పదీ నలభైకి పడవ దిగాను. జెట్టీ నుంచి తారురోడ్డు. రోడ్డుకి రెండు వైపులా పాత రబ్బరు చెట్లు. దూరంగా నాలుగంతస్తుల బారకాసులు. గాలి లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనక అమ్మ, నాన్న.

కొడుకు సైన్యంలో చేరే రోజు కన్నవాళ్ళు వెంట రావచ్చు. వాడు పడుకునే మంచం చూడొచ్చు, వంటశాలలో వాడితో కలిసి భోంచెయ్యొచ్చు. అక్కడి పద్ధతి అది. అమ్మ పరుపు నొక్కి చూసింది. నాన్న గదిలో ఫ్యాన్లు లెక్కపెట్టాడు. పదహారు మందికి నాలుగు. పన్నెండింటికి కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాం. ఒంటిగంటన్నరకి కన్నవాళ్ళని పడవ ఎక్కించారు. రెండింటికల్లా నా జుట్టు పోయింది.

ఆ ద్వీపం పేరు రాయను. అక్కడ శిక్షణ పొందినవాళ్ళకి రాయనక్కర్లేదు, మిగతావాళ్ళకి రాసి ప్రయోజనం లేదు. సింగపూర్ ప్రధాన ద్వీపం పక్కన ఒక చిన్న ద్వీపం అనుకోండి చాలు.

ఒంగోలు వెళ్ళినప్పుడల్లా మా బాబాయిలు ఒకటే ప్రశ్న వేస్తారు. "సింగపూర్‌కి సైన్యం ఏందిరా? షాపింగ్ మాళ్ళకి కాపలానా?" నవ్వుతారు. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈమధ్య ఊరుకోవడం చేతకావడం లేదు. అందుకని ఒకసారి మొదలుపెట్టి చివరిదాకా రాసేస్తున్నాను.

ముందు నేను అక్కడెందుకున్నానో చెప్పాలి. కంప్యూటర్ ఉద్యోగాల జోరు మొదలైన రోజుల్లో నాన్న సింగపూర్ వచ్చాడు. మద్రాసు నుంచి వచ్చే విమానంలో సగం మంది ప్రోగ్రామర్లే. క్లెమెంటిలో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. రెండేళ్ళకి మమ్మల్ని తెచ్చుకున్నాడు. అప్పటికి నేను ఒంగోలులో ఆరో తరగతి. తర్వాత బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్. శాశ్వత నివాసం కాగితాలొచ్చాయి. అవి వచ్చిన రోజు అమ్మ పరమాన్నం చేసింది. అలా తల్లిదండ్రుల కాగితాలతో పాటు నివాసం దొరికిన మగపిల్లలు పద్దెనిమిదేళ్ళొచ్చాక సైన్యంలో పనిచెయ్యాలి. ఆ సంగతి ఆ కాగితాల్లోనే ఉంది. పరమాన్నం హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు.

దేశం గురించి నాకు తెలిసింది మా ప్లటూన్ కమాండర్ మూడో రోజు చెప్పిన పాఠమే. అతని వయసు ఇరవై ఒకటి. గోడకి పటం తగిలించి, కర్రతో చూపించాడు.

"ఇదీ దేశం. ఇంకో పేజీ లేదు."

నిజంగానే లేదు. ఒంగోలులో బస్సెక్కి చీరాలలో దిగేలోపు దేశం ఈ కొస నుంచి ఆ కొసకి అయిపోతుంది. భూమధ్యరేఖ ఒక్క డిగ్రీ దూరం. వేసవి, చలికాలం అంటూ ఏవీ లేవు. ఏడాది పొడుగునా పొద్దున ఏడింటికి తెల్లవారుతుంది, సాయంత్రం ఏడింటికి పొద్దుగూకుతుంది. అన్నిటికన్నా ఎత్తైన కొండ మన అద్దంకి వైపు గుట్టల పాటి. నదులని పిలిచేవాటిని మనం వాగులంటాం. తాగే నీళ్ళలో చాలా భాగం పక్కదేశం నుంచి గొట్టాల్లో వస్తుంది. కమాండర్ కర్ర ఆ గొట్టం మీద పెట్టి కాసేపు తియ్యలేదు.

తర్వాత మనుషులు. చైనీయులు ఎక్కువ, తర్వాత మలయులు, తర్వాత భారతీయులు. అధికార భాషలు నాలుగు. ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. సైన్యంలో కవాతు ఆజ్ఞలన్నీ మలయ్‌లోనే. "సెదియా" అంటే సావధాన్. జాతీయ గీతం కూడా మలయ్‌లోనే. ఎక్కువమంది ఉండేది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో. ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్ళు ఎంతవరకు ఉండొచ్చో కూడా ప్రభుత్వమే హద్దు పెట్టింది. ఎవరికి వాళ్ళు ఒక పేట చేసుకుని కూర్చుంటే కుదరదు.

ఆఖర్న పాలన. రాష్ట్రపతి ఉంటాడు, ప్రధానమంత్రి నడుపుతాడు, పార్లమెంటు ఒక్కటే సభ. ఓటు వెయ్యకపోతే ఓటర్ల జాబితాలోంచి పేరు తీసేస్తారు. చాలా నియోజకవర్గాల్లో అభ్యర్థి ఒంటరిగా నిలబడకూడదు, జట్టుగా నిలబడాలి. ఆ జట్టులో ఒక్కరన్నా మలయో, భారతీయుడో, మరో అల్పసంఖ్యాకుడో ఉండాలి. నాకు తెలిసినప్పటి నుంచీ గెలిచేది ఒకే పార్టీ. ఎన్నికలంటే నెలరోజులు మైకులు మోగాల్సిందేననే మా బాబాయిలకి ఇది మహా చప్పగా అనిపిస్తుంది.

"ఇంత చిన్న చోట ఇంతమంది," అని కమాండర్ కర్ర దించాడు. "పక్కవాడికి ఏం కావాలో చెబితేనే తెలుస్తుంది. చెప్పండి. ప్రశ్నలున్నాయా?"

నాకు లేవు. నాకు ఆకలిగా ఉంది.

మా సెక్షన్‌లో, అంటే ఒకే గదిలో పడుకునే పదహారు మందిలో, మూడు రకాల మనుషులూ ఉన్నారు. వాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, నిజానికి అందరూ మాట్లాడింది సింగపూర్ ఇంగ్లీషు. మాట చివర "లా" అంటించే ఇంగ్లీషు. అది మాత్రం అక్కడక్కడా ఉంచుతాను.

సెక్షన్ ఐసీ, అంటే మాలోంచే పెట్టిన పెద్ద, మలయ్ కుర్రాడు. నెమ్మదస్తుడు. ఎవరి బూటు తాడు ఊడినా అతని కంట్లో పడేది. మా సార్జెంట్ తమిళుడు. మొదటి రోజు నా మొహం చూసి తమిళంలో నాలుగు తిట్లు తిట్టాడు. నాకు అర్థం కాలేదని తెలిసి ఆయనకి ఆ తిట్లు వృథా పోయినట్టనిపించింది.

"ఇండియన్‌వి, తమిళం రాదా? మరేం మాట్లాడతావు?"

"తెలుగు, సార్జెంట్."

"అదెక్కడ?"

"తమిళనాడుకి పైన, సార్జెంట్."

"పైనా?" ఆ 'పైన' ఆయనకి నచ్చలేదు. ఇరవై పుషప్పులు.

ఇక నా బడ్డీ. సైన్యంలో ప్రతి ఇద్దరినీ ఒక జంట కడతారు. పక్కపక్క మంచాలు, ఒకటే గుడారం. వాడి జ్వరం నువ్వు చూడాలి, నీ జ్వరం వాడు చూడాలి. నా బడ్డీ చైనీస్ కుర్రాడు. అప్పుడప్పుడే కడుతున్న పుంగ్గోల్‌లో వాళ్ళకి కొత్త ఫ్లాట్. వాళ్ళమ్మ హాకర్ సెంటర్లో, ఒకే కప్పు కింద తిండి బళ్ళన్నీ ఉండే చోట, నూడుల్స్ బండి నడిపేది. మనిషి సన్నం, నడక వేగం, పటం చదవడంలో దిట్ట. వాడికి ఒకటే కోరిక. ఈ ప్రాథమిక శిక్షణ తొమ్మిది వారాలయ్యాక నాయకత్వ కోర్సుకి కొందరినే ఎంపిక చేస్తారు. అక్కడినుంచి సార్జెంట్లు, ఆఫీసర్లు వస్తారు. వాడు ఆ జాబితాలో ఉండాలి.

"ఎందుకంత?" అని అడిగాను.

"మా అమ్మకి నలుగురు అక్కచెల్లెళ్ళు. నలుగురి కొడుకులూ ఆఫీసర్లే. చైనీస్ కొత్త సంవత్సరానికి అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాదు లా."

అంతకంటే చెప్పలేదు. నాకు బాగా అర్థమైంది. మా ఇంట్లోనూ బల్లలున్నాయి.

ఇప్పుడు నా సంగతి. చేరడానికి ముందు అమ్మ ఒంగోలు సిద్ధాంతి గారికి ఫోన్ చేసింది. నాకు ఏలినాటి శని నడుస్తోందట. ఆఖరి రెండున్నరేళ్ళు మిగిలాయట. నా సైన్యం నౌకరీ కూడా అప్పట్లో రెండున్నరేళ్ళే. లెక్క ఇంత చక్కగా సరిపోయేసరికి అమ్మ గుండె జారిపోయింది. ఫోన్ పెట్టేసి, నాన్న స్నానానికి వెళ్ళేదాకా ఆగి, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"శనివారం శనివారం పొద్దుగూకేదాకా నువ్వు పచ్చి గంగ ముట్టవని మొక్కేశాను నాయనా. నీ చేతికి తుపాకీ ఇస్తారంట, నాకు నిద్ర పట్టట్లా. ఎవురితోనూ చెప్పమాక. చెబితే ఫలం పోద్ది. మీ నాన్నతో అసలే చెప్పమాక."

సరేనన్నాను. నాకు పెద్ద భక్తి లేదు. కానీ అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి మొక్కేసింది. ఇంక కాదంటే ఏదన్నా జరిగితే ఎలా అనే భయం ఒకటి నాలో దిగింది. ఆ భయం తీసెయ్యడం ఎవరికీ రాదు.

నీళ్ళు ముట్టకుండా ఉండటం ఒంగోలులో అయితే మన ఇష్టం. అక్కడ నీళ్ళు తాగడం ఆజ్ఞ. ఎండలో ఏ పని మొదలుపెట్టినా ముందు వరసలో నిలబెడతారు. సీసా ఎత్తి మొత్తం తాగాలి. తర్వాత సీసాని తలకిందులుగా నెత్తిమీద పట్టుకోవాలి. నీళ్ళు మిగిలితే నీ నెత్తినే పడతాయి. బడ్డీ నిన్ను చూసి, కార్డు మీద నీ పేరు పక్కన సంతకం పెట్టాలి.

మొదటి రెండు శనివారాలు ఇంటికి పంపలేదు గానీ, ఆ రోజుల్లో పని తేలిక. ఇంజెక్షన్లు, పాఠాలు, బూట్ల పాలిష్. వరసలో నిలబడే ముందే సీసా పారబోసేవాణ్ణి. ఖాళీ సీసా ఎత్తి గుటకలు వేసేవాణ్ణి. తలకిందులు చేస్తే చుక్క రాలేదు. బడ్డీ సంతకం పెట్టాడు. ఆ తర్వాత శనివారాలు మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేవారు. అమ్మ పక్కన కూర్చుని ఏడింటి కోసం గడియారం చూసేవాణ్ణి. ఒంగోలులో ఆరుంపావుకే పొద్దుగూకుతుంది. శనీశ్వరుడు నా దగ్గర ముప్పావుగంట అదనంగా వసూలు చేశాడు.

ఆరోవారం అడవి శిబిరం. సోమవారం నుంచి శనివారం దాకా. గుడారం, గొయ్యి, డబ్బాల్లో తిండి, ఒంటికి పౌడరు తప్ప స్నానం లేదు. మూడు రోజులు వాన. ఎర్రమట్టి బూట్లకి పట్టి కాళ్ళు బరువెక్కాయి. శుక్రవారం వాన వెలిసింది. శనివారం తొమ్మిదింటికి దారి వెతికే పరీక్ష. పటం, దిక్సూచి, ఇద్దరిద్దరుగా ఆరు గుర్తులు కనుక్కుని ఒంటిగంటలోపు తిరిగి రావాలి. నాయకత్వ కోర్సుకి ఎవరిని పంపాలో చూసేది ఆ రోజే. బడ్డీ తెల్లవారకముందే లేచి పటం మీద పెన్సిల్‌తో గీతలు గీశాడు.

ఎనిమిదిన్నరకి నీళ్ళ వరస. నా రెండు సీసాలూ పొద వెనక ఒంపేసి వచ్చి నిలబడ్డాను. ఒకటి ఒంపితే చాలు. రెండోది దగ్గరుంటే దాహానికి లొంగిపోతానని అదీ ఒంపేశాను. బడ్డీ పటం మడత పెడుతూ తల ఎత్తకుండా అడిగాడు.

"తాగావా?"

"తాగాను."

"క్యాన్." అంటే సరేనని. సంతకం.

మొదటి రెండు గుర్తులూ నలభై నిమిషాల్లో దొరికాయి. ఆ ద్వీపం మీద ఒకప్పుడు ఊళ్ళుండేవి. జనం ఎప్పుడో వెళ్ళిపోయారు. అడవి మధ్యలో రంబుటాన్ పండ్ల చెట్లు, ఒక బావి వరలు, సిమెంటు మెట్లు ఎక్కడికీ పోకుండా ఆగిపోయి ఉండేవి. మూడో గుర్తు మడచెట్ల అంచున. బురద. నాలుగోది రబ్బరు తోటకి అవతల, చెట్టు లేని మిట్ట మీద. పదకొండు దాటింది.

నా పని అడుగులు లెక్కపెట్టడం. వంద మీటర్లకి ఎన్ని అడుగులో లెక్క ఉంటుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టినవాణ్ణి ఎప్పుడు తెలుగులోకి దిగానో తెలియదు. ముప్పై ఎనిమిది తర్వాత మళ్ళీ ముప్పై అంటున్నాను. చెమట ఆగిపోయింది. ఎండ తగ్గింది కాబోలనుకున్నాను. చేతుల మీద రోమాలు లేచాయి, చలేసింది. ఇదేదో శని చల్లబడటమేననుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఎన్ని?" అని అరిచాడు బడ్డీ ముందు నుంచి.

జవాబు చెప్పాననే అనుకున్నాను. మిట్ట నా మొహం మీదికి వచ్చింది.

తర్వాతిది కొంత నాకు గుర్తుంది, కొంత వాడు చెప్పాడు. వాడు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. నా సీసా మూత తీశాడు. ఖాళీ. రెండోది తీశాడు. ఖాళీ. ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు గుర్తుంది. తన సీసా నా నోటికి పెట్టాడు. నేను పళ్ళు బిగించాను. అప్పుడు కూడా బిగించాను. వాడు తిట్టుకుంటూ ఆ నీళ్ళు నా తల మీద, మెడ మీద, చంకల్లో పోశాడు. విజిల్ ఊదాడు. రెండు రైఫిళ్ళు, రెండు సంచులు, నేను. అన్నిటినీ చెట్ల నీడకి లాగి, మళ్ళీ ఊదాడు. పెన్సిల్ గీతల పటాన్ని విసనకర్రలా పట్టి నాకు విసిరాడు.

విజిల్ విని సార్జెంట్ వచ్చాడు. రేడియోలో శిబిరాన్ని పిలుస్తున్న ఆయన గొంతు. "జీరో, ఇది త్రీ. ఒక మనిషి పడిపోయాడు. వడదెబ్బ. ఓవర్."

"త్రీ, ఇది జీరో. వస్తున్నాం. తడుపుతూనే ఉండండి. ఓవర్."

ఆసుపత్రి గదిలో కళ్ళు తెరిచేసరికి పన్నెండూ యాభై. చుట్టూ ఐసు సంచులు. చేతికి సెలైన్. నోట్లో చుక్క పడకుండా నరంలోకి పోతున్న నీళ్ళు మొక్కు లెక్కలోకి వస్తాయా రావా అని ఆలోచించాను. అంత మూర్ఖుణ్ణి.

మూడింటికి కమాండర్ వచ్చాడు. "నీళ్ళు తాగావా?"

"తాగాను సార్."

తలుపు దగ్గర బడ్డీ నిలబడి ఉన్నాడు. కమాండర్ అటు తిరిగాడు. "నువ్వు చూశావా?"

"లేదు సార్. చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే."

ఖాళీ సీసాల మాట వాడెత్తలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. నిద్ర వచ్చినట్టు నటించాను. నా జీవితంలో నేను చేసిన సిగ్గుమాలిన పని ఏదంటే అదే.

ఆదివారం నన్ను గదికి పంపి, మంచం దిగొద్దన్నారు. సోమవారం గడిచింది. నేనేం చెప్పలేదు. చెబితే ఫలం పోతుందని ఒకటి, నాన్నకి తెలిస్తే అమ్మ మీద ఇంతెత్తున లేస్తాడని ఒకటి, నన్ను మళ్ళీ మొదటి వారం నుంచి చెయ్యమంటారని ఒకటి. కారణాలకేం కొదవ లేదు. బడ్డీ నాతో మాట్లాడలేదు. నా మంచం దుప్పటి మాత్రం సర్దిపెట్టాడు. జంటలో ఒకడు పడుకుంటే రెండోవాడు సర్దాలి, అది నియమం.

మంగళవారం మధ్యాహ్నం సెక్షన్ ఐసీ నా మంచం దగ్గరికి భోజనం తెచ్చి పెట్టాడు. నేను తినడం చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు శనివారాలు తినవు," అన్నాడు. "మొదటి వారం నుంచే చూశాను. కడుపులో బాగోలేదనుకున్నా. ఉపవాసమా?"

చెంచా కింద పెట్టేశాను.

"మా అన్న ఇక్కడే చేశాడు. రంజాన్ నెలంతా ఉపవాసం. సార్జెంట్‌కి తెలుసు, వంటవాళ్ళకి తెలుసు, డాక్టర్‌కి తెలుసు. బరువు పనులు వేరే వేళకి మార్చారు. నువ్వు చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది బ్రో? నీ దేవుడు చెప్పొద్దన్నాడా?"

"దేవుడు కాదు, అమ్మ," అన్నాను.

అతను నవ్వలేదు. "అయితే కష్టమే లా," అన్నాడు.

సాయంత్రం ఐదింటికి కమాండర్ ముందు సావధాన్‌లో నిలబడి మొత్తం చెప్పాను. శని సంగతి ఇంగ్లీషులో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా ఆపలేదు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి చూసి మళ్ళీ లోపల పెట్టాడు.

"కోర్సుకి పేర్లు నిన్న మధ్యాహ్నం వెళ్ళిపోయాయి. అతని పేరు నేనే కొట్టేశాను. ఇప్పుడు నువ్వేం చెప్పినా అతను చూడకుండా పెట్టిన సంతకం మారదు. కానీ నిన్న పొద్దునే ఇది తెలిసుంటే అతని తరఫున నేను వాదించేవాణ్ణి." ఆగాడు. "ఎందుకు చెప్పలేదు?"

నాకన్నా మూడేళ్ళే పెద్దవాడైన ఆ మనిషి ముందు ఏడ్చాను. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, నేను ఆపేదాకా. తర్వాత ఇద్దరికీ రెండేసి వారాంతాలు ఇంటికి వెళ్ళకుండా శిక్ష వేశాడు.

బడ్డీ బూట్లు తుడుస్తున్నాడు. చెప్పాను. తుడవడం ఆపలేదు.

"రెండు రోజులా?" అన్నాడు.

"భయమేసింది."

"నాకు కోపంగా ఉంది. శుక్రవారం దాకా ఉంటుంది. తర్వాత చూద్దాం లా."

శుక్రవారం సాయంత్రం వాడి పాలిష్ డబ్బా నా మంచం మీదికి విసిరాడు. శనివారం నీళ్ళ వరసలో నాకెదురుగా నిలబడి, కళ్ళార్పకుండా నా గొంతు చూశాడు. ప్రతి గుటకా చూశాడు. తాగాను. ఏమీ జరగలేదు.

అమ్మకి కాయిన్ ఫోన్లో చెప్పాను. పడిపోయిన సంగతి, బడ్డీ సంగతి, అంతా. "ఇప్పుడు బాగున్నావా?" అంది. బాగున్నానన్నాను. మళ్ళీ అదే అడిగింది. మూడోసారి అడిగింది. మొక్కు తీసేశాననలేదు, ఉంచాననలేదు. నేను నీళ్ళు తాగుతున్న సంగతి నేనూ చెప్పలేదు.

తొమ్మిదోవారం ఆఖర్న శిక్షణ ముగింపు కవాతు. అదీ శనివారమే వచ్చింది. తొమ్మిదింటికి కన్నవాళ్ళని పడవల్లో తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టారు. కవాతు బాగా జరిగింది. టోపీలు గాల్లోకి ఎగరేశాం. కోర్సుకి ఎంపికైనవాళ్ళ కుటుంబాలు అరిచాయి, ఫొటోలు దిగాయి. ఐసీ పేరు ఉంది. నా బడ్డీకి ఒక యూనిట్ సామాన్ల గోడౌన్‌లో పోస్టింగు వచ్చింది. వాడు టోపీ దులుపుకుని వాళ్ళమ్మ వైపు నడిచాడు.

ఆమె పొట్టి మనిషి. చేతికి ప్లాస్టిక్ సంచి, నెత్తిన గొడుగు. బండి మూసేసి తిన్నగా వచ్చినట్టుంది, చేతులు సబ్బు వాసన. మా అమ్మ పట్టుచీరలో వచ్చింది. నాన్న కెమెరాతో ఐసీ వాళ్ళ దగ్గరున్నాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఆమె ముందు నిలబెట్టింది.

"ఈమెకి చెప్పు," అంది. "మొక్కు నాదని చెప్పు. నీది కాదు. వాళ్ళబ్బాయికి రావాల్సింది నా మూలంగా పోయిందని చెప్పు."

"అమ్మా, ఇప్పుడెందుకు..."

"చెప్పరా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. బడ్డీ చైనీస్‌లో వాళ్ళమ్మకి చెప్పాడు. చెబుతూ కొంత దాటేస్తున్నాడని నాకు తెలిసింది. నేను చెప్పినదానికి అంత తక్కువ చైనీస్ సరిపోదు. ఆమె వాణ్ణి ఆపి ఏదో గద్దించింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. నా మీద అరిచినా బాగుండుననుకున్నాను.

ఆమె గొడుగు కాస్త పైకెత్తి మా అమ్మ మొహం చూసింది. తనకొచ్చిన ఇంగ్లీషులో, నాకు కాకుండా నేరుగా అమ్మకే చెప్పింది.

"నేను కూడా. నెలలో ఫస్ట్ డే, ఫిఫ్టీంత్ డే, మాంసం తినను. వీడి కోసం. వీడు అదే రోజు పోర్క్ తింటాడు, నేను టోఫు." కొడుకు భుజం మీద ఒకటి వేసింది. "పిల్లాడికి ఎందుకు ఇచ్చావు? బరువు. నువ్వు మొయ్యి లా."

నేను తెలుగు చెయ్యబోయాను. అమ్మ వద్దన్నట్టు నా చెయ్యి నొక్కింది. అర్థమైందని ఆ నొక్కులోనే తెలిసింది.

ఆమె కోపం తీరిందో లేదో నాకు తెలియదు. ఆమె వంటింట్లోంచి బయటికి రావడం మొదలుపెట్టిందో లేదో కూడా తెలియదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

పదకొండూ ఇరవైకి పడవ కదిలింది. మేము నలుగురం వెనక బెంచీ మీద కూర్చున్నాం. నాన్న పైన ఫొటోలు తీస్తున్నాడు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళకి మిరుమిట్లు గొలుపుతోంది. ఆంటీ, అంటే బడ్డీ వాళ్ళమ్మ, సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. బార్లీ నీళ్ళు. నాలుగు కాగితం కప్పులు వరసగా పెట్టి పోసింది. ఒకటి కొడుక్కి ఇచ్చింది, ఒకటి తను తీసుకుంది, ఒకటి నా వైపు చాపింది.

నేను తీసుకోలేదు. అమ్మ వైపు చూశాను. తొమ్మిది వారాలు తుపాకీ పట్టినవాణ్ణి, కప్పు నీళ్ళకి చెయ్యి చాపలేకపోయాను.

అమ్మ ఆ కప్పు అందుకుంది. నా నోటి దగ్గర పెట్టింది. "తాగు," అంది. తాగాను. చుక్క మిగలకుండా తానే వంచి తాగించింది. పెదవి కింద కారినది కొంగుతో తుడిచింది.

ఆంటీ నాలుగో కప్పు అమ్మకిచ్చింది. అమ్మ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద అరచెయ్యి మూతలా పెట్టింది. కవాతు చూడటానికి రెండు గంటలు ఎండలో కూర్చున్న మనిషి. పెదవులు ఎండి, మధ్యలో చీలి ఉన్నాయి.

"టుడే సాటర్డే," అంది ఆంటీతో. "మై టర్న్."

ఆంటీ గొడుగు మా అమ్మ మీదికి జరిపి, తను ఎండలో కూర్చుంది. పడవ ఊగుతోంది, కప్పులో నీళ్ళు కదులుతున్నాయి, అమ్మ అరచెయ్యి తియ్యలేదు.